పండగ విందుకి కూరగాయల చీజ్ టార్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

థ్యాంక్స్‌గివింగ్ మొదలుకొని న్యూ ఇయర్ దాకా అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో ఎక్కడో ఒకచోట పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే విందు) నడుస్తూనే ఉంటుంది. ఇటు హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా క్రిస్మస్‌కి, డిసెంబరు 31కి ఇంట్లోనే ఏదైనా బేక్ చేద్దామనుకునేవాళ్ళు ఉన్నారు. అలాంటి రోజుకి కూరగాయల చీజ్ టార్ట్ చాలా వీలైన వంట. ముందురోజే చేసేయొచ్చు, చల్లారినా రుచి పోదు, బల్ల మీద పెడితే చూడ్డానికీ బాగుంటుంది. చెడితే మాత్రం తొంభై పాళ్ళు ఒకటే కారణం: నీళ్ళు. కూరగాయల్లో దాగిన నీళ్ళు, పిండిలో ఎక్కువ పడిన నీళ్ళు, సరిగా పిండని పాలకూరలో నీళ్ళు. కింది జవాబుల్లో ఈ మాట పదే పదే వస్తుంది, విసుక్కోకండి.

టార్ట్, కీష్, పై (pie) అన్నీ ఒకటేనా?

దగ్గరి చుట్టాలు. పై లోతుగా ఉంటుంది, చాలాసార్లు పైన కూడా పిండి మూత ఉంటుంది. టార్ట్ లోతు ఒక అంగుళమే, మూత ఉండదు, అంచులు నిలువుగా లేస్తాయి. గుడ్లు, పాలు, క్రీమ్ గిలక్కొట్టి పోసి కాల్చేదాన్ని కీష్ అంటారు. ఫ్రాన్స్ ఈశాన్యంలోని లొరేన్ ప్రాంతం దానికి పేరు. అక్కడి పాత పద్ధతిలో గుడ్లు, క్రీమ్, పంది మాంసమే తప్ప చీజ్ లేదు, అది తర్వాత వచ్చి చేరింది. ఇటలీలో జెనోవా వైపు ఈస్టర్‌కి ఆకుకూర, తాజా చీజ్, గుడ్లు పెట్టి తోర్తా పస్క్వలీనా చేస్తారు. క్రీస్తు బతికిన ఏళ్ళకి గుర్తుగా పలుచని పిండి పొరలు 33 ఉండాలని పాత ఆనవాయితీ. గ్రీకుల స్పనకోపిటాలోనూ పాలకూర, ఫెటా చీజే. పండగ పూట ఆకుకూరనీ చీజ్‌నీ పిండిలో పెట్టి కాల్చడం మధ్యధరా తీరాల్లో కొత్త సంగతి కాదు.

ఇక్కడ చెప్పేది మాత్రం కస్టర్డ్, అంటే తీపి లేకుండా గుడ్లు, పాలు, క్రీమ్ గిలక్కొట్టిన మిశ్రమం, పోసి చేసే టార్ట్ గురించి.

ముందు కొలతలు చెప్పండి.

9 అంగుళాల టార్ట్ టిన్‌కి ఇవి సరిపోతాయి. అడుగు ఊడి వచ్చే టిన్ అయితే మంచిది, ముక్కలు విరక్కుండా వస్తాయి.

క్రస్ట్‌కి (టార్ట్‌కి అడుగు, అంచులు అయ్యే పిండి పొర): మైదా 200 గ్రాములు, చల్లటి వెన్న 100 గ్రాములు, అర చెంచా ఉప్పు, ఐస్ నీళ్ళు మూడు నాలుగు పెద్ద చెంచాలు. బరువులో వెన్న మైదాకి సగం, అంతే సూత్రం. మన దగ్గర ప్యాకెట్లలో దొరికే బటర్‌లో ఎక్కువగా ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి అది వాడితే విడిగా ఉప్పు వేయనక్కర్లేదు. అమెరికాలో ఒక బటర్ స్టిక్ 113 గ్రాములు, అందులోంచి చిన్న ముక్క పక్కన పెట్టేస్తే లెక్క సరిపోతుంది.

లోపలికి: వండి, నీళ్ళు ఇగిరిన కూరగాయలు రెండు కప్పులు, తురిమిన చీజ్ 100 గ్రాములు, 3 గుడ్లు, పాలు, క్రీమ్ కలిపి ఒక కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. గుడ్లు మరీ చిన్నవైతే 4 వేయండి. ఇండియాలో డబ్బాల్లో వచ్చే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం దాకా ఉంటుంది. అది సగం, చిక్కటి పాలు సగం కలిపితే సరి. అమెరికాలో అయితే పాలు, క్రీమ్ కలిపి అమ్మే హాఫ్ అండ్ హాఫ్ నేరుగా పోసేయొచ్చు. ఒట్టి పాలతో కూడా అవుతుంది కానీ రుచి పలచబడుతుంది. పండగకి ఎలాగూ కేలరీలు లెక్కపెట్టం కదా.

పిండిని చపాతీ పిండిలా బాగా పిసకాలా?

వద్దు. మన చేతికి ఉన్న అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. చపాతీ పిండిని ఎంత మర్దిస్తే అంత మెత్తగా వస్తుంది, ఎందుకంటే గ్లూటెన్ సాగి అల్లుకుంటుంది. టార్ట్‌లో మనకి కావలసింది అల్లుకోవడం కాదు, విరగడం. వెన్న ముక్కల్ని మైదాలో వేళ్ళ కొసలతో నలిపితే రవ్వలా అవుతుంది, మధ్యమధ్య బఠాణీ గింజంత ముక్కలు మిగిలినా మంచిదే. తర్వాత ఐస్ నీళ్ళు చెంచా చెంచాగా చిలకరించి, పిడికిట పడితే ఉండ కట్టేంత వరకే కలపాలి. ఉండ నున్నగా లేకపోతే కంగారు పడకండి, గరుకుగానే ఉండాలి. బిళ్ళలా నొక్కి, కవర్ చుట్టి కనీసం అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఉక్కపోత రోజుల్లో వెన్న చేతిలోనే కరిగిపోతుంది. అప్పుడు మైదాని, గిన్నెని కూడా ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మొదలుపెట్టండి. మిక్సీలో చేయాలంటే పల్స్ బటన్ నాలుగైదు సార్లు నొక్కి ఆపేయాలి, వదిలేస్తే ముద్ద అయిపోతుంది.

వెన్న బదులు నెయ్యి?

వేయొచ్చు. వెన్నలో 15 నుంచి 18 శాతం దాకా నీళ్ళుంటాయి, నెయ్యిలో దాదాపు ఉండవు. అందుకే నెయ్యి 80 గ్రాములు చాలు. గడ్డకట్టిన నెయ్యి కావాలి, కరిగింది కాదు. క్రస్ట్ పొరలుగా కాకుండా బిస్కెట్‌లా గుల్లగా వస్తుంది. వాసన మాత్రం అద్భుతం.

గోధుమపిండితో చేస్తే?

సగం గోధుమపిండి, సగం మైదా బాగుంటుంది. మొత్తం గోధుమపిండి అయితే నీళ్ళు ఎక్కువ పీల్చి, చల్లారాక గట్టిపడుతుంది. రాగిపిండి రెండు మూడు చెంచాలు కలిపితే రంగు, రుచి రెండూ వస్తాయి, అంతకు మించితే క్రస్ట్ పొడిపొడిగా రాలుతుంది.

క్రస్ట్‌ని ముందు ఖాళీగా కాల్చమంటారు. అది మానేయొచ్చా?

మానేస్తే అడుగు ఉడికీ ఉడకని పిండిలా జిగురుగా మిగిలిపోతుంది. పచ్చి పిండి మీద తడి కస్టర్డ్ పోస్తే అడుగు కాలే వీలే ఉండదు. కాబట్టి ఈ పని తప్పదు.

పిండిని అర సెంటీమీటరు కన్నా పలచగా వత్తి టిన్‌లో పరవండి. అంచుల్లోకి నెట్టాలి కానీ లాగకూడదు, లాగిన పిండి ఓవెన్‌లో మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది. ఫోర్క్‌తో అడుగంతా గుచ్చి పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. ఆ తర్వాత పైన బేకింగ్ పేపర్ పరిచి, దాని నిండా రాజ్మా గింజలో, శనగలో, పాత బియ్యమో పోయండి. ఈ బరువు లేకపోతే అడుగు పూరీలా పొంగుతుంది, పక్కలు జారిపోతాయి. 190 డిగ్రీల సెల్సియస్‌లో, అంటే 375 ఫారెన్‌హీట్‌లో 18 నుంచి 20 నిమిషాలు కాల్చి, గింజలతో సహా పేపర్ తీసేసి, అడుగు ఆరి లేత గోధుమ రంగు వచ్చేదాకా ఇంకో ఎనిమిది పది నిమిషాలు ఉంచండి. ఆ గింజల్ని దాచుకుని ప్రతిసారీ ఇదే పనికి వాడుకోవచ్చు, వండుకోవడానికి మాత్రం పనికిరావు.

బయటికి తీసిన వెంటనే, వేడి మీదే, గిలక్కొట్టిన గుడ్డు కొంచెం బ్రష్‌తో అడుగంతా పూసి ఒక్క నిమిషం ఓవెన్‌లో పెడితే చిల్లులు మూసుకుపోతాయి. గుడ్డు వద్దనుకునేవాళ్ళు తురిమిన చీజ్‌లో కొంత అడుగున పలచగా చల్లుకోవచ్చు. కరిగిన చీజ్ పొర కూడా తడిని ఆపుతుంది. ఫ్రాన్స్‌లో టొమాటో టార్ట్‌కి అడుగున ఆవాల పేస్ట్ రాస్తారు. మన ఇంట్లో ఆవకాయ జాడీ ఉంటే ముక్కలు తీసేసి ఆ గుజ్జు ఒక చెంచా పలచగా రాసి చూడండి. నూనె, ఆవపిండి రెండూ దాంట్లోనే ఉన్నాయి, ఘాటు చీజ్‌తో బాగా కుదురుతుంది. ఉప్పు మాత్రం ఇక ఎక్కడా వేయకండి.

ఏ కూరగాయలు బాగుంటాయి?

నీళ్ళు వదిలించగలిగిన ఏ కూరగాయైనా. అసలు కష్టమంతా ఈ ఒక్క దశలోనే ఉంది, కాబట్టి వివరంగా చెబుతాను.

ఉల్లిపాయ: నాలుగు పెద్ద ఉల్లిపాయల్ని సన్నగా తరిగి వెన్నలో సన్నటి సెగ మీద ముదురు బంగారు రంగు వచ్చేదాకా మగ్గించండి. నలభై నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో అయిపోతుందని రాసే రెసిపీలను నమ్మకండి. మూకుడు నిండా ఉన్నవి చివరికి ఒక కప్పు అవుతాయి, తియ్యగా, జామ్‌లా. వేరే ఏమీ లేకపోయినా ఈ ఉల్లిపాయలు, చీజ్ చాలు మంచి టార్ట్‌కి. అమెరికాలో ఉన్నవాళ్ళు లీక్స్‌తో (ఉల్లికాడల్లాంటివే, లావుగా ఉంటాయి) కూడా ఇలాగే చేయొచ్చు. అయితే వాటి పొరల మధ్య మట్టి ఉంటుంది, నిలువునా చీల్చి కడగాలి.

పాలకూర: అర కిలో పాలకూర మగ్గితే ఒక కప్పుకి అటూ ఇటూగా వస్తుంది. ఆ కప్పుని పలచటి గుడ్డలో వేసి, చేతి బలమంతా పెట్టి పిండండి. ఇక చాలు అనిపించాక ఇంకోసారి పిండండి. ఫ్రోజెన్ పాలకూర కూడా అంతే. పిండిన పాలకూర ముద్ద కడుతుంది, వేళ్ళతో విడదీసి వేయాలి. మెంతికూర గుప్పెడు కలిపితే చీజ్ జిడ్డుని చేదు కోస్తుంది.

పుట్టగొడుగులు: నూనె తక్కువగా, మంట పెద్దగా, మూకుడు ఖాళీగా ఉండేలా కొంచెం కొంచెంగా వేయించండి. ఒకేసారి కుమ్మరిస్తే వాటి నీళ్ళలోనే ఉడుకుతాయి. ఉప్పు చివర్లో.

గుమ్మడికాయ, చిలగడదుంప, క్యాలీఫ్లవర్, క్యాప్సికం: ముక్కలకి నూనె పట్టించి 200 డిగ్రీల సెల్సియస్‌లో అంచులు నల్లబడే దాకా ఓవెన్‌లో కాల్చండి. నవంబరు, డిసెంబరుల్లో అమెరికాలో గుమ్మడి జాతిదే అయిన బటర్‌నట్ స్క్వాష్ చౌకగా దొరుకుతుంది, దాన్నీ ఇలాగే. గుమ్మడి తీపికి ఉప్పటి ఫెటా మంచి జోడీ.

టొమాటో: గుండ్రంగా తరిగి, ఉప్పు చల్లి అరగంట జల్లెడలో వదిలేసి, గుడ్డతో అద్ది, పైన అలంకారంగా పేర్చండి. లోపల కలపకండి. చిన్న చెర్రీ టొమాటోలు అయితే సగానికి కోసి, కోసిన వైపు పైకి పెట్టాలి.

వంకాయ కూడా బాగుంటుంది, ముందే ముక్కల్ని నూనెలో వేయించో, కాల్చో వేస్తే. సొరకాయ, బీరకాయ, దోసకాయ జోలికి మాత్రం వెళ్ళకండి. ఎంత పిండినా వాటి నీళ్ళు అయిపోవు, పిండాక మిగిలేదానికి రుచీ ఉండదు. బీన్స్, క్యారట్ పచ్చివి వేస్తే కస్టర్డ్ ఉడికే టైముకి అవి ఉడకవు, ముందు ఆవిరి పెట్టి ఆరబెట్టండి. బెండకాయ గురించి కూడా అడిగారు. వద్దండీ.

గోంగూర పులుపు కస్టర్డ్‌లో పాలని విరిచేయగలదు. అంత ఇష్టమైతే మగ్గించి నీరు ఇగిర్చిన గోంగూర రెండు చెంచాలు క్రీమ్ చీజ్‌లో కలిపి అడుగున రాసుకోండి. అలా అయితే బాగుంటుంది.

కూరగాయలు ఏవైనా చల్లారాకే క్రస్ట్‌లో వేయాలి. వేడివి వేస్తే ఆవిరి కిందికి దిగి మళ్ళీ నీళ్ళే.

ఏ చీజ్ కొనాలి?

రుచికి ఒకటి, కరగడానికి ఒకటి అనుకోండి. కరగడానికి మొజరెల్లా, రుచికి చెడ్డార్ లేదా ఫెటా. ఒట్టి మొజరెల్లా వేస్తే తీగలు సాగుతుంది కానీ నాలుకకి ఏమీ తగలదు. ఇండియాలో దొరికే ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్స్, బ్లాక్ కూడా పనికొస్తాయి. వాటిలో ఉండే ఎమల్సిఫైయర్ల వల్ల నూనె వదలకుండా నున్నగా కరుగుతాయి, కాకపోతే ఉప్పు ఎక్కువ. కస్టర్డ్‌లో ఉప్పు వేసేముందు చీజ్ ముక్క ఒకటి నోట్లో వేసుకుని చూడండి. తురిమి అమ్మే ప్యాకెట్ చీజ్‌కి ముక్కలు అతుక్కోకుండా పిండిపదార్థం పట్టిస్తారు, అది సరిగా కరగదు. బ్లాక్ కొని ఇంట్లో తురుముకోవడం మేలు.

చీజ్ శాకాహారమేనా? మా ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతున్నారు.

అడగాల్సిన ప్రశ్నే. పాలు గడ్డకట్టడానికి పాత పద్ధతిలో వాడే రెన్నెట్‌ని లేగదూడ నాలుగో పొట్ట నుంచి తీస్తారు. ఇప్పుడు చాలా చీజ్‌లకి సూక్ష్మజీవుల నుంచి చేసినదో, ఫెర్మెంటేషన్‌తో తయారుచేసిన కైమోసిన్ అనే ఎంజైమో వాడుతున్నారు. కైమోసిన్‌కి అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది. వీటిలో దూడ పొట్ట ప్రసక్తి లేదు.

అయితే యూరప్‌లో పేరు, పద్ధతి రెండూ చట్టంతో కట్టడి చేసిన చీజ్‌లు ఉన్నాయి. పార్మిజానో రెజ్జానో అందులో ఒకటి, నియమం ప్రకారం దూడ రెన్నెట్‌తోనే చేయాలి. స్విస్ గ్రుయేర్‌కీ జంతు రెన్నెటే వాడతారు. వీటిని శాకాహారుల టార్ట్‌లో వేయకండి. అమెరికాలో ప్యాకెట్ మీద ఒట్టి ఎంజైమ్స్ అని మాత్రమే ఉంటే ఏ రకమో తెలియదు. మైక్రోబియల్ అనో, వెజిటేరియన్ రెన్నెట్ అనో స్పష్టంగా రాసి ఉన్నది తీసుకోండి. ఇండియాలో అమూల్ లాంటి పెద్ద బ్రాండ్ల చీజ్ మైక్రోబియల్ రెన్నెట్‌తో చేసినదే, ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు. దిగుమతి చీజ్‌కి మాత్రం లేబుల్ చదవాలి.

పనీర్‌కి ఈ గొడవే లేదు, దాన్ని నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరగ్గొడతారు. పనీర్ కరగదు, రుచి కూడా తక్కువే. కానీ చిదిమి, ఉప్పు, మిరియాలు, కొంచెం నిమ్మరసం, వెల్లుల్లి కలిపి పెడితే ఫెటా లేని లోటు కొంత తీరుతుంది.

మా అత్తగారు గుడ్డు తినరు. ఎలా?

రెండు దారులున్నాయి.

మొదటిది నాకు ఇష్టమైనది. ఒక కప్పు చల్లటి పాలలో రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి, పొయ్యి మీద తిప్పుతూ చిక్కబడి బుడగలు వచ్చేదాకా ఉడికించండి. చల్లారాక 200 గ్రాముల పనీర్‌తో కలిపి మిక్సీలో నున్నగా తిప్పండి. అమెరికాలో పనీర్ బదులు రికోటా అనే మెత్తటి చీజ్ వాడొచ్చు. ఉప్పు, మిరియాలు, చిటికెడు జాజికాయ పొడి వేసి, కూరగాయలు, చీజ్ కలిపి కాల్చిన క్రస్ట్‌లో నింపి 180 డిగ్రీల సెల్సియస్‌లో అరగంట. పాలని పొయ్యి మీద ముందే ఎందుకు ఉడికించాలంటే, గుడ్డు ఎనభై డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది కానీ కార్న్‌ఫ్లోర్ పూర్తిగా చిక్కబడాలంటే మరిగే వేడి దాకా వెళ్ళాలి. టార్ట్ మధ్యభాగం ఓవెన్‌లో అంత వేడెక్కకపోవచ్చు. పచ్చిగా పోసినవాళ్ళకి మధ్యలో పాలలా మిగిలిపోయేది అందుకే.

రెండోది శనగపిండి. ముప్పావు కప్పు శనగపిండి, కప్పున్నర నీళ్ళు, పసుపు, ఉప్పు ఉండల్లేకుండా కలిపి పొయ్యి మీద దగ్గరపడే దాకా తిప్పి, కూరగాయలు కలిపి నింపండి. కోసినప్పుడు ముక్క గట్టిగా నిలుస్తుంది. పచ్చివాసన పోయేదాకా ఉడికించాలి, లేకపోతే బజ్జీ పిండి గుర్తొస్తుంది. క్రస్ట్‌లో వెన్న బదులు నూనె వాడి, చీజ్ మానేస్తే పాల పదార్థాలు తిననివాళ్ళకీ పెట్టొచ్చు, కానీ అప్పుడది చీజ్ టార్ట్ అనిపించుకోదు.

గుడ్డు ఉన్నదీ లేనిదీ రెండూ చేస్తుంటే గుడ్డు లేనిదాని మీద ఒక కరివేపాకు రెబ్బ పెట్టి గుర్తు పెట్టండి. కోసే చాకు కూడా విడిగా ఉంచండి. పెద్దవాళ్ళు బయటికి అనకపోయినా గమనిస్తారు.

కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేస్తాం. టార్ట్ కుదురుతుందా?

కుదురుతుంది. కార్తీకం అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది కాబట్టి కొన్నేళ్ళు నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌కి బాగా దగ్గర పడుతుంది. గుమ్మడి, పాలకూర, పనీర్ పెట్టి, గుడ్డు లేని టార్ట్‌కి ఇంతకుముందు చెప్పిన మొదటి పద్ధతిలో చేయండి. ఉల్లి తీపి లేని లోటుని ఓవెన్‌లో కాల్చిన గుమ్మడి పూడుస్తుంది. ఇంగువ చిటికెడు వెన్నలో వేయించి కలిపితే వెల్లుల్లి గుర్తు రాదు.

టార్ట్ ఉడికిందని ఎలా తెలుస్తుంది?

175 డిగ్రీల సెల్సియస్‌లో, అంటే 350 ఫారెన్‌హీట్‌లో 30 నుంచి 35 నిమిషాలు. కానీ గడియారాన్ని కాదు, టిన్‌ని చూడండి. మెల్లగా కదిపితే అంచులు గట్టిగా ఉండి, మధ్యలో రెండు మూడు అంగుళాల మేర జున్నులా అదరాలి. నీళ్ళలా తొణికితే ఇంకా కావాలి. మొత్తం బిగుసుకుని, పైన పొంగి పగిలిందంటే ఎక్కువైపోయింది. గుడ్డు మరీ వేడెక్కితే మాంసకృత్తులు బిగుసుకుని తమలోని నీళ్ళని వదిలేస్తాయి, అది కిందికి దిగి క్రస్ట్‌ని నానబెడుతుంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో 75 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. గుడ్డు వంటకాలకి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే కనీస వేడి 160 ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్.

తీశాక కనీసం అరగంట ఆగి కోయండి. పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి.

ఓటీజీలో చేయొచ్చా? ఓవెన్ అసలు లేకపోతే?

ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, చాలు. పైరాడ్, కిందరాడ్ రెండూ వేసి పావుగంట ముందు వేడి చేసుకోండి. ఖాళీ క్రస్ట్‌ని కింది అరలో, కిందరాడ్‌కి దగ్గరగా కాల్చండి. నింపాక మధ్య అరలో పెట్టి, పైన త్వరగా రంగు వస్తే ఫాయిల్ కప్పండి. చిన్న ఓటీజీల్లో వెనకవైపు వేడి ఎక్కువ, మధ్యలో ఒకసారి టిన్ తిప్పాలి. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ ఉంటే అదీ సరే. ఒట్టి మైక్రోవేవ్ మోడ్‌లో క్రస్ట్ కరకరలాడదు.

ఎయిర్ ఫ్రయర్‌లో నాలుగు అంగుళాల చిన్న టిన్లు బాగా వస్తాయి. ఫ్యాన్ గాలి గట్టిగా ఉంటుంది కాబట్టి 160 డిగ్రీలు చాలు. కుక్కర్‌లో ఉప్పు పోసి కేక్ చేసినట్టు చేయొచ్చా అంటే, చేయొచ్చు గానీ పైన రంగు రాదు, లోపలి ఆవిరి క్రస్ట్ మీదే పడుతుంది. నేనైతే చేయమని చెప్పను.

క్రస్ట్ చేసే ఓపిక లేదు. కొన్నది వాడొచ్చా?

నిస్సంకోచంగా. అమెరికాలో ఫ్రోజెన్ పై క్రస్ట్, పఫ్ పేస్ట్రీ ఏ సూపర్‌మార్కెట్లోనైనా ఉంటాయి. కొన్ని పై క్రస్ట్‌లలో పంది కొవ్వు వాడతారు, దాన్ని లార్డ్ అని రాస్తారు, చూసి తీసుకోండి. మన ఊళ్ళలో కొన్ని బేకరీలు కర్రీ పఫ్‌లకి చేసుకునే షీట్లని అడిగితే అమ్ముతాయి. పఫ్ షీట్‌కి టిన్ కూడా అక్కర్లేదు. ట్రే మీద పరిచి, చుట్టూ ఒక అంగుళం వదిలి చాకుతో గీత పెట్టి, లోపలి భాగాన్ని ఫోర్క్‌తో గుచ్చి, మధ్యలో చీజ్, కూరగాయలు పేర్చి 200 డిగ్రీల సెల్సియస్‌లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చితే అంచులు వాటంతట అవే లేస్తాయి. దీనికి కస్టర్డ్ పోయకూడదు, కారిపోతుంది. చేసిన పూటే తినాలి.

కారం, మసాలా ఎంత వేయాలి?

మీ అతిథుల్ని బట్టి. కస్టర్డ్‌లో మిరియాలు, దంచిన జీలకర్ర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి బాగుంటాయి. గరం మసాలా వద్దు, లవంగం, చెక్క వాసన చీజ్‌తో గొడవ పెట్టుకుంటుంది. క్రస్ట్ పిండిలో అర చెంచా వాము నలిపి వేస్తే బేకరీ ఖారా బిస్కెట్ల వాసన వస్తుంది. ఓవెన్‌లోంచి తీశాక ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పైన వేసేవాళ్ళూ ఉన్నారు. చూపుకి బాగుంటుంది, కానీ నూనె ఒక చెంచాకి మించకూడదు. ఆఫీసువాళ్ళు, ఇరుగుపొరుగు అమెరికన్లు వస్తుంటే టార్ట్‌లో కారం తగ్గించి, వెల్లుల్లి కారమో కరివేపాకు పొడో పక్కన చిన్న గిన్నెలో పెట్టండి. ముందుగా ఖాళీ అయ్యేది ఆ గిన్నే.

ముందురోజు చేసిపెట్టొచ్చా?

చేయండి, అదే మంచిది. రెండు మూడు రోజుల ముందు పిండి కలిపి ఫ్రిజ్‌లో ఉంచొచ్చు. ముందురోజు క్రస్ట్ కాల్చి, కూరగాయలు వండి విడివిడిగా దాచి, ఆ రోజు పొద్దున్న నింపి కాల్చితే క్రస్ట్ కరకర బాగా నిలుస్తుంది. మొత్తం ముందురోజే కాల్చేస్తే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, విందుకి ముందు 160 డిగ్రీల సెల్సియస్‌లో పావుగంట, ఇరవై నిమిషాలు వేడి చేయండి. మైక్రోవేవ్‌లో పెట్టారో, అంత కష్టపడి కాల్చిన క్రస్ట్ రొట్టెలా మెత్తబడుతుంది.

కార్లో తీసుకెళ్ళేటప్పుడు టిన్‌లోంచి తీయకండి. వెడల్పాటి అట్టపెట్టెలో, కింద తడిగుడ్డ పరిచి పెడితే జారదు. వేడిగా ఉండగా మూత పెడితే మూతకి పట్టిన ఆవిరి మళ్ళీ టార్ట్ మీదే పడుతుంది.

బల్ల మీద ఎంతసేపు ఉంచొచ్చు?

గుడ్డు, పాలు ఉన్నది కాబట్టి రెండు గంటలు. ఎండాకాలపు వేడిలో, 32 డిగ్రీలు దాటితే, గంటే. మిగిలింది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

ఒక టార్ట్ ఎంతమందికి?

భోజనంలో ఒక ఐటమ్‌గా అయితే ఎనిమిది నుంచి పది ముక్కలు. పాట్‌లక్‌లో వేళ్ళంత చిన్న ముక్కలు కోస్తే పదహారు. పెద్ద గుంపైతే టార్ట్‌లు పెంచే బదులు ఒక పెద్ద అంచుల ట్రేలో కొలతలన్నీ రెట్టింపు చేసి నలుచదరంగా చేయండి, కోయడం తేలిక, పంచడం తేలిక. పక్కన బరువైనది ఏదీ వద్దు. నిమ్మరసం, ఉప్పు చల్లిన కీరా, ఉల్లి ముక్కలో, వేడి టొమాటో చారు కప్పుల్లో పోసో ఇవ్వండి. చారు కప్పులతో ఇచ్చినప్పుడు అమెరికన్ అతిథులు దాన్ని సూప్ అనే అనుకుంటారు, సరిదిద్దనక్కర్లేదు.

ఫ్రీజర్‌లో పెడితే పాడవుతుందా?

కాల్చిన ఖాళీ క్రస్ట్, పచ్చి పిండి ఒకటి రెండు నెలలు నిక్షేపంగా ఉంటాయి. నింపి కాల్చినదాన్ని కూడా పూర్తిగా చల్లార్చి, ముక్కలుగా చుట్టి పెట్టొచ్చు. కరిగించకుండా నేరుగా 175 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో పెట్టి లోపలిదాకా వేడెక్కనివ్వాలి. గుడ్డు లేకుండా కార్న్‌ఫ్లోర్‌తో చేసినదాన్ని మాత్రం ఫ్రీజ్ చేయకండి. కరిగాక కార్న్‌ఫ్లోర్ నీళ్ళు వదిలేస్తుంది.